హుద్‌హుద్, తిత్లీ, గులాబ్: ఒక బ్యాటరీ లైటు దాస్తాన్

మన సిక్కోలు, విజయనగరం వైపు కొట్టిన తుఫాన్ల పేర్లు వరసగా చదివితే, ఎవరో షాయర్ తీరిగ్గా కూర్చుని పెట్టినట్టుంటాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్. 2018 అక్టోబర్ 11న తిత్లీ. 2021 సెప్టెంబర్ 26న గులాబ్. హుద్‌హుద్ అంటే సులైమాన్ అలైహిస్సలాం దర్బారుకు సబా రాణి ఖబర్ మోసుకొచ్చిన పిట్ట. ఆ పేరు ఒమాన్ ఇచ్చింది. తిత్లీ, గులాబ్ రెండూ పాకిస్తాన్ ఇచ్చిన పేర్లు. ఒకటి సీతాకోకచిలుక, ఇంకోటి మనందరికీ తెలిసిన పువ్వే. టీవీలో యాంకర్లు "టిట్లీ, టిట్లీ" అని అరుస్తుంటే మన ఇళ్ళల్లో పిల్లలు నవ్వుకున్నారు. పేర్లు అంత నాజూకు. పనులు మాత్రం జాలిమ్.

హుద్‌హుద్ విశాఖ దగ్గర ఒడ్డెక్కి విజయనగరాన్ని, సిక్కోలును కూడా తొక్కుకుంటూ పోయింది. తిత్లీ పలాస దగ్గర దిగి ఉద్దానం కొబ్బరినీ జీడి తోటల్నీ పడగొట్టింది. గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మూడింటిలోనూ అన్నిటికంటే ముందు పోయింది కరెంటే. మగ్రిబ్ అయ్యేసరికి ప్రతి ఇంట్లోనూ ఒకటే సవాల్: "బ్యాటరీ లైటు ఎక్కడుంది? అందులో సెల్లులున్నాయా?"

ఈ సవాల్ వెనక ఓ పొడుగాటి తారీఖ్ ఉంది. రాజులూ కిలాలూ ఉన్న తారీఖ్ కాదు. మన చేతిలో పట్టుకుని నడిచిన వెలుతురు తారీఖ్. ఈ మధ్య నేను మా నానాగారి పాత ఇత్తడి టార్చికి కొత్త ఎల్‌ఈడీ వేద్దామని కూర్చున్నాను. ఎల్‌ఈడీ దొరకడం ఆసాన్. సెల్లు దొరకడమూ ఆసాన్. ఆ రెండింటి మధ్య పెట్టే యాభై పైసల బిళ్ళ కంటే చిన్నదైన సర్క్యూట్ ముక్క ఉంటుంది. దాన్ని డ్రైవర్ అంటారు. ఏ డ్రైవర్ వేయాలన్నదే అసలు మస్లా. దాని గురించి చదువుతూ పోతే నాకు అర్థమైంది ఇది: ఇంధనానికీ వెలుతురుకూ మధ్య కొలిచి పోసేవాడొకడు ప్రతి జమానాలోనూ ఉన్నాడు. పేరు మారింది, పని మారలేదు.

మషాల్చీ

మొదటి డ్రైవర్ మనిషే. అతని పేరు మషాల్చీ.

సిక్కోలు అప్పట్లో చికాకోల్ సర్కార్‌కు సదర్ మకాం. గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజ్‌దార్ షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మస్జిద్ ఇప్పటికీ ఆ రోజులకు గవాహ్‌గా నిలబడి ఉంది. ఆ దారుల్లో ఫౌజులు నడిచాయి, వ్యాపారులు నడిచారు, పూరీ జగన్నాథానికి పోయే యాత్రికులు నడిచారు. పగటి ఎండకు భయపడి ధనవంతులూ దొరలూ మేనాల్లో రాత్రిపూట ప్రయాణం చేసేవారు. మేనా ముందు మషాల్ పట్టుకుని ఒకడు పరుగెత్తేవాడు. గుడ్డలు చుట్టిన కర్ర ఒక చేతిలో, నూనె పాత్ర ఇంకో చేతిలో.

అతని హునర్ మషాల్ పట్టుకోవడంలో లేదు. నూనె పోయడంలో ఉంది. ఎక్కువ పోస్తే మంట భగ్గుమంటుంది, చుక్కలు కాళ్ళ మీద పడతాయి, తెల్లారకముందే నూనె ఖాళీ. తక్కువ పోస్తే గుడ్డ కాలిపోతుంది, మంట ఆగుతుంది, మేనా మోసేవాళ్ళ అడుగు గుంటలో పడుతుంది. మంటను చూసుకుంటూ, దారి ఎంత మిగిలిందో అందాజా వేసుకుంటూ, కొద్దికొద్దిగా పోయాలి. మన తాతల కాలంలో షాదీ బారాత్‌లలో, ఉర్స్ సందల్ జులూస్‌లలో కాగడా పట్టినవాళ్ళు చేసిందీ ఇదే పని.

తర్వాత లాల్టేన్ వచ్చింది. మషాల్చీ చేతి పని ఒక చిన్న చక్రానికి అప్పజెప్పారు. చక్రం తిప్పితే వత్తి పైకి, ఇటు తిప్పితే కిందికి. మా నానీ ఇషా తర్వాత లాల్టేన్ వత్తి తగ్గించి గుమ్మం దగ్గర పెట్టేది. రాత్రంతా ఒక చిన్న పసుపు చుక్క. సహర్‌కు లేచి మళ్ళీ పైకి తిప్పేది. కిరసనాయిలు రేషన్‌లో వచ్చే రోజుల్లో ఆ చక్రం తిప్పడమే ఇంటి కిఫాయత్. పెట్రోమాక్స్‌లో వత్తి లేదు, పంపు కొట్టిన గాలి ఒత్తిడి ఉంది. అది తగ్గితే వెలుగు తగ్గుతుంది. నికా మజ్లిస్ మధ్యలో ఒకడు లేచి వెళ్ళి పంపు కొట్టి వచ్చేవాడు. అక్కడా మనిషి హాజర్ ఉండాల్సిందే.

నౌషాదర్, మాంగనీసు, ఇత్తడి

ఇక సెల్లు. 1866లో ఫ్రెంచివాడైన జార్జ్ లెక్లాంషే చేసిన సెల్లులో మూడు ముఖ్యమైన వస్తువులున్నాయి: జింకు, మాంగనీస్ డయాక్సైడ్, నౌషాదర్. ఈ మూడోది మన వాళ్ళకు కొత్త కాదు. ఇత్తడి దేగ్‌లకు కలాయి వేసే ఉస్తాదులు వేడి గిన్నె మీద చల్లి, తెల్లటి పొగ లేపి, తగరం పూస్తారే, ఆ నౌషాదరే. తెలుగులో నవాసారం అంటారు. 1880లలో జర్మనీలో కార్ల్ గాస్నర్ ఆ తడి సెల్లునే కారకుండా పొడిగా చేశాడు. 1899లో అమెరికాలో డేవిడ్ మైసెల్ అనే ఆయన పొడి సెల్లులను గొట్టంలో వరసగా పెట్టి, ముందు బల్బు బిగించి పేటెంట్ తీసుకున్నాడు. అదీ టార్చి.

సెల్లు పగలగొడితే చేతికి అంటే నల్లటి పొడిలో ఉండే మాంగనీస్‌తో విజయనగరానికి పాత రిష్తా ఉంది. భారతదేశంలో మాంగనీస్ తవ్వకం 1890లలో మన విజయనగరం ప్రాంతంలోనే మొదలైంది. గర్భాం, కోడూరు గనుల పేర్లు భూగర్భ శాస్త్రంలో నిలిచిపోయాయి. కోడూరు పేరు మీదే 'కోడురైట్' అని ఒక రాయికి పేరు పెట్టారు. మన గనుల ఖనిజం ఎక్కువగా ఉక్కు పరిశ్రమకే వెళ్ళింది, సెల్లులకు కాదు. గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం వచ్చిందీ అందుకే. అయినా చీపురుపల్లి వైపు రైలులో పోతూ ఆ నల్లటి గుట్టలు చూసినప్పుడల్లా నాకు సెల్లు లోపలి పొడే గుర్తొస్తుంది.

ఎవరెడీ సెల్లులు ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే కలకత్తా రేవులో దిగాయి. 1958లో లక్నోలో టార్చిల ఫ్యాక్టరీ పెట్టారు. అలహాబాద్‌లో షేర్వానీ ఖాందాన్ వాళ్ళు 'జీప్' టార్చిలు చేశారు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు "జీప్ టార్చి" అనడం చాలామంది విని ఉంటారు. దాని వెనక ఒక ముస్లిం ఖాందాన్ కార్ఖానా ఉందని మాత్రం తెలిసినవాళ్ళు తక్కువ. 1970లలో నెల్లూరు వైపు నుంచి నిప్పో సెల్లులు వచ్చాయి. తెలుగు నేల మీద చేసిన సెల్లు అది.

ఈ తారీఖ్‌లో ఒక నల్లటి పేజీ ఉంది. దాన్ని తిప్పేసి పోలేం. మన దేశంలో ఎవరెడీ సెల్లులు చేసిన కంపెనీ పేరు యూనియన్ కార్బైడ్. 1984 డిసెంబర్ 2 రాత్రి భోపాల్‌లో విషవాయువు వదిలింది ఆ కంపెనీ పురుగుమందుల కర్మాగారమే. గ్యాసును అడ్డుకోవాల్సిన ఏర్పాట్లు ఆ రాత్రి పని చేయలేదు. చల్లబరిచే యంత్రం ఆపేసి ఉంది, కాల్చేసే గొట్టం మరమ్మతులో ఉంది. వేల జానీలు పోయాయి. అడ్డంగా నిలబడి ఆపాల్సినది లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి అంతకంటే పెద్ద మిసాల్ అక్కర్లేదు.

తనను తాను కాచుకునే తీగ

పాత టార్చిలో సెల్లుకీ బల్బుకీ మధ్య ఎవరూ ఉండరు. స్విచ్ ఒక్కటే. మరి కొలిచి పోసేవాడెవడు? జవాబు విచిత్రంగా ఉంటుంది: బల్బు లోపలి టంగ్‌స్టన్ తీగే.

తీగ చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం చాలా తక్కువ. కరెంటు దూసుకొస్తుంది, తీగ ఎర్రబడి తెల్లబడుతుంది. వేడెక్కేకొద్దీ నిరోధం దాదాపు పది రెట్లు పెరిగి కరెంటును తానే అడ్డుకుంటుంది. గర్మీ ఎక్కినకొద్దీ సబర్ పెరిగే రకం. అందుకే కొత్త సెల్లులు వేసినా, పాతవి వేసినా బల్బు సంభాళించుకునేది. ధర మాత్రం ఎక్కువ. రెండు సెల్లుల టార్చి బల్బు గడ్డ మీద 2.5 వోల్టులు, 0.3 ఆంపియర్లు అని గీసి ఉండేది. అంటే ముప్పావు వాటు. అందులో వెలుగయ్యేది పిసరంత, మిగతాదంతా వేడి.

ఎల్‌ఈడీ స్వభావం దీనికి పూర్తిగా ఉల్టా. తెల్ల ఎల్‌ఈడీ సుమారు 2.6 వోల్టుల దాకా సరిగ్గా కళ్ళే తెరవదు. మూడు వోల్టుల దగ్గర హాయిగా వెలుగుతుంది. అక్కడి నుంచి వోల్టులో కొన్ని పదో వంతులు పెంచితే చాలు, కరెంటు రెండింతలు, మూడింతలు అవుతుంది. పైగా వేడెక్కితే అదే వోల్టేజికి ఇంకా ఎక్కువ కరెంటు తాగుతుంది. తాగి ఇంకా వేడెక్కుతుంది. దానికి సబర్ అన్నదే లేదు. ఖజానా తలుపు తెరిచి వదిలితే ఖర్చు పెట్టుకుంటూ తనే మాడిపోయే షాహ్‌జాదా లాంటిది. కాబట్టి మళ్ళీ మషాల్చీ కావాలి. ఆ మషాల్చీయే డ్రైవర్.

ఎర్ర ఎల్‌ఈడీ 1962లో నిక్ హోలోనియాక్ చేతిలో వెలిగింది. తెల్ల వెలుగుకు నీలం కావాలి. అది దొరకడానికి ఇంకో ముప్పై ఏళ్ళు పట్టింది. జపాన్‌లో అకసాకి, అమానో, నకమురా ఆ నీలాన్ని సాధించారు. 1990ల మధ్యలో నీలం మీద పసుపు పూత వేసి తెలుపు పుట్టించారు. ఆ ముగ్గురికీ నోబెల్ బహుమతి ప్రకటించింది 2014 అక్టోబర్ 7న.

ఆ వారం ఒకసారి యాద్ చేసుకోండి. అక్టోబర్ 6న బక్రీద్. 7న నీలి వెలుగుకు నోబెల్. 12న హుద్‌హుద్. ఫ్రిజ్‌లలో ఇంకా ఖుర్బానీ గోష్త్ ఉంది. కరెంటు పోయింది. ఉన్నదంతా వండి మొహల్లాలో పంచేసిన ఇళ్ళున్నాయి. దునియా ఎల్‌ఈడీని సన్మానించిన వారంలోనే మనం కొవ్వొత్తుల కోసం దుకాణాల చుట్టూ తిరిగాం. అప్పుడే ఆంధ్రప్రదేశ్‌లో పాత బల్బు ఇస్తే పది రూపాయలకు ఎల్‌ఈడీ బల్బు ఇచ్చే పథకం మొదలైంది. మొదటి విడత జిల్లాల్లో సిక్కోలు ఒకటి. తర్వాత దేశమంతటా అది 'ఉజాలా' అనే పేరుతో నడిచింది. పేరు మళ్ళీ మన జబానే.

ఆ బల్బు లోపలా డ్రైవర్ ఉంటుంది. రెండేళ్ళకే ఆరిపోయిన బల్బును విప్పి చూడండి, తరచుగా చచ్చింది ఎల్‌ఈడీ కాదు, డ్రైవరే.

తిత్లీ చీకట్లో

హుద్‌హుద్ రాత్రులకు ఒక రహమత్ ఉంది. పౌర్ణమి దాటి నాలుగు రోజులే. మబ్బు విడిచాక చాంద్ బాగానే వచ్చింది. తిత్లీకి ఆ ఆసరా లేదు. అమావాస్య దాటి రెండు రోజులు. పైన చాంద్ లేదు, కింద కరెంటు లేదు. పలాస, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట వైపు వారం దాటినా లైన్లు రాని ఊళ్ళున్నాయి. దారి పొడుగునా స్తంభాలు, కొబ్బరి చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. ఉద్దానం అంటే కిడ్నీ జబ్బుల ఇలాఖా. డయాలసిస్‌కు పోవాల్సినవాళ్ళకు ఆ రోజులు ఎలా గడిచాయో వాళ్ళకే తెలుసు.

మా ఖాలా వాళ్ళిల్లు ఆ వైపే. ఖాలూకి షుగర్, రోజూ రాత్రి ఇన్సులిన్. సిరంజి మీద గీతలు ఎంత సన్నగా ఉంటాయో వేసుకునేవాళ్ళకు తెలుసు. మొదటి రాత్రి బజారులో కొన్న ఛార్జింగ్ టార్చితో చూశారు. పేరూ ఊరూ లేని మాల్ అది. కళ్ళు చెదిరే వెలుగు. రెండో రాత్రి సగం. మూడో రాత్రి చెప్పా పెట్టకుండా ఆరింది. సిరంజి చేతిలో ఉండగానే. తర్వాత పాత రెండు సెల్లుల టార్చి పనికొచ్చింది. మసక వెలుగే, కానీ నాలుగు రాత్రులు నడిచింది. తర్వాత నాకు ఖాలా అన్న మాట: "బేటా, ఎక్కువ వెలుగు ఎవరడిగారు? ఉంటానని చెప్పి ఉండేది కావాలి."

డ్రైవర్ ఎంచుకోవడానికి ఇంతకంటే మంచి ఉసూల్ ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

ఆ ఛార్జింగ్ టార్చిల గురించి ఒక హెచ్చరిక. చౌక రకాలు చాలావాటిలో నాలుగు వోల్టుల లెడ్ యాసిడ్ సెల్లు ఉంటుంది. దాన్ని ఛార్జ్ చేయడానికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఒక కెపాసిటర్ మాత్రమే అడ్డం. అంటే ప్లగ్గులో పెట్టినప్పుడు లోపలి తీగలకు మెయిన్స్ కరెంటు నేరుగా తగిలి ఉంటుంది. పగిలిన టార్చిని ఛార్జింగ్‌లో ఉండగా పిల్లల్ని ముట్టుకోనివ్వొద్దు. విప్పి చూడాలనుకుంటే ప్లగ్గు తీశాకే.

డ్రైవర్‌ను ఎంచుకోవడం

దుకాణంలో అడిగితే "ఎన్ని వాట్ల ఎల్‌ఈడీ?" అని మొదలుపెడతారు. మనం మొదలుపెట్టాల్సింది సెల్లు దగ్గర. మషాల్చీ కూడా ముందు నూనె పాత్రలోకి చూసేవాడు.

*రెండు పెద్ద సెల్లులు.* కొత్తవైతే కలిపి మూడు వోల్టులు, వాడినకొద్దీ రెండు వోల్టుల దాకా దిగుతాయి. ఎల్‌ఈడీకి కావాల్సింది మూడు. నేరుగా కలిపితే మొదట్లో వెలిగి, సెల్లులో ఇంకా బోలెడు సత్తువ మిగిలి ఉండగానే మసకబారుతుంది. ఇక్కడ బూస్ట్ డ్రైవర్ కావాలి. అది తక్కువ వోల్టేజిని పైకి తోస్తుంది. కానీ ముఫ్త్‌గా ఏదీ రాదు. వోల్టేజి పెంచాలంటే సెల్లు నుంచి కరెంటు ఎక్కువ లాగాలి. మామూలు జింక్ కార్బన్ సెల్లు ఎక్కువ లాగితే కుంగిపోతుంది. కాబట్టి ఎల్‌ఈడీకి నూరు మిల్లీ ఆంపియర్లు దాటని బూస్ట్ తీసుకోండి. నా హిసాబ్‌లో మంచి సెల్లుల జత మీద అది ఇరవై గంటలకు పైనే నడవాలి. దుకాణాల్లో దొరికే వాటిలో చాలా బూస్టులు సెల్లును పిండి పిండి చివరికి ఒక్కసారిగా ఆపేస్తాయి. పూర్తిగా పిండిన సెల్లు కారి ఇత్తడి గొట్టాన్ని తినేస్తుంది.

*మూడు సెల్లులు.* నాలుగున్నర వోల్టులు. ఇక్కడ అతి చౌక డ్రైవర్ ఒక రెసిస్టర్. 4.7 ఓమ్‌లది పెడితే కొత్త సెల్లులతో సుమారు 0.3 ఆంపియర్లు. సెల్లులు దిగేకొద్దీ కరెంటు సగం, పావు అవుతుంది. వెలుగు మెల్లగా తగ్గుతుంది. ఇంజనీర్లు దీన్ని చూసి మొహం చిట్లిస్తారు, కొంత పవర్ వేడిగా పోతుందని. నాకు మాత్రం దీనిలో ఒక షరాఫత్ కనబడుతుంది: పోయే ముందు చెప్పి పోతుంది.

*ఒక లిథియం సెల్లు.* పాత లాప్‌టాప్ బ్యాటరీల్లో ఉండే 18650 రకం. నిండుగా 4.2 వోల్టులు, మామూలుగా 3.7, ఖాళీ అయ్యేసరికి మూడు. ఎల్‌ఈడీ కంటే ఎప్పుడూ కాస్త పైనే. అందుకే పెంచే పని లేదు, అడ్డుకుంటే చాలు. దీనికి లీనియర్ డ్రైవర్ సరిగ్గా సరిపోతుంది. ఏఎంసీ 7135 అని ఒక చిప్ ఉంది. దాని పనల్లా 350 మిల్లీ ఆంపియర్లు దాటనివ్వకపోవడం. మిగిలిన వోల్టేజిని వేడిగా వదిలేస్తుంది. సెల్లు నిండుగా ఉన్నప్పుడు వెలుగుకు చేరేది సుమారు 70 శాతం, 3.7 దగ్గర 80 శాతం, 3.3 దగ్గర 90. సెల్లు ఇంకా దిగితే చిప్‌కు అడ్డుకోవడానికేమీ మిగలదు, వెలుగు నెమ్మదిగా మసకబారుతుంది. అంటే తిన్నగా కొలిచి పోసే గుణమూ ఉంది, ముందే చెప్పే గుణమూ ఉంది.

*పన్నెండు వోల్టులు.* ఇన్వర్టర్ బ్యాటరీ, బైకు బ్యాటరీ లాంటివి. ఇక్కడ లీనియర్ పెడితే మూడు వంతులు వేడికే పోతుంది. బక్ డ్రైవర్ వేయాలి, అది వోల్టేజిని దించుతుంది. మస్జిద్ వజూఖానా దగ్గరో, మొహల్లా మొగలోనో పెట్టే లైటుకు ఇది సరి.

నానాగారి టార్చి రెండు సెల్లులది. నేను ఒక 18650 సెల్లు, ఒకే ఒక 7135 చిప్ ఉన్న డ్రైవర్ ఎంచుకున్నాను. సెల్లు సన్నం కాబట్టి ప్లాస్టిక్ పైపు ముక్క తొడిగాను, పొట్టి కాబట్టి వెనక ఇత్తడి ముక్క పెట్టాను. ఎందుకు దీన్నే? తుఫాను రోజుల్లో పెద్ద సెల్లులు దుకాణాల్లో మొదటి రోజే అయిపోతాయి, ఉన్నవాటి రేటు పెరుగుతుంది. లిథియం సెల్లును ముందే నింపి పెట్టుకోవచ్చు. కరెంటు లేకున్నా బైకు నుంచి, చిన్న సోలార్ పలక నుంచి మళ్ళీ నింపొచ్చు.

ఇక ఘంటల హిసాబ్. సెల్లు 2600 మిల్లీ ఆంపియర్ అవర్లది అనుకోండి. పూర్తి 350 మీద ఏడు గంటలు. ఒక్క రాత్రి కూడా సరిగ్గా రాదు. పదో వంతు మీద, అంటే 35 మిల్లీ ఆంపియర్ల మీద, డెబ్బై గంటలకు పైన. రాత్రికి పది గంటల చొప్పున వారం. ఆ పదో వంతు వెలుగు తక్కువేమీ కాదు, పాత టార్చి బల్బు ఇచ్చినంత ఉంటుంది. బల్బు ముప్పావు వాటు తాగి ఇచ్చింది, ఎల్‌ఈడీ వాటులో పదో వంతుకు ఇస్తోంది. అరవై ఏళ్ళ తరక్కీ అంతా ఈ ఒక్క లెక్కలో ఉంది.

కాబట్టి డ్రైవర్ కొనేటప్పుడు మీరు అడగాల్సింది ఎక్కువ వెలుగెంత అని కాదు, తక్కువ వెలుగెంత అని. స్విచ్ వేయగానే మొదట తక్కువ వెలుగుతో మొదలయ్యేది తీసుకోండి. ఫజర్‌కు లేచినవాళ్ళ కళ్ళకూ అదే ఆరాం. టపటపా కొట్టుకునే మోడ్లు వద్దు. తడబడే చేతులతో అమ్మీజాన్ చీకట్లో నొక్కినప్పుడు అవే వచ్చి కంగారు పెడతాయి. సెల్లు మూడు వోల్టుల దగ్గరకు దిగగానే ఆపేసే కాపలా డ్రైవర్‌లోనో సెల్లులోనో తప్పకుండా ఉండాలి. లిథియం సెల్లును అంతకంటే పిండితే పాడవుతుంది, అలా పిండిన దాన్ని మళ్ళీ ఛార్జ్ చేయడం ఖతర్నాక్. సెల్లు తలకిందులుగా పెట్టినా కాలిపోని డ్రైవర్ అయితే ఇంకా మంచిది. చీకట్లో సెల్లు వేసేవాళ్ళు మొనలు చూసుకోరు.

ఇంకో రెండు మాటలు. ఎల్‌ఈడీని అల్యూమినియం బిళ్ళ మీద కూర్చోబెట్టి, ఆ బిళ్ళ టార్చి గొట్టానికి ఆనుకునేలా చేయండి. వేడి బయటికి పోవాలి. గిన్నె లాంటి అద్దంలో పాత తీగ ఎక్కడుండేదో ఎల్‌ఈడీ కూడా అక్కడే ఉండాలి. అలాంటి పారాబోలా అద్దాలు కిరణాలను ఒక్క చోటికి ఎలా చేరుస్తాయో వెయ్యేళ్ళ కిందట కాహిరాలో ఇబ్న్ అల్ హైసమ్ హిసాబ్ కట్టి రాశాడు. ఆయన ఎండను ఒక చుక్కలోకి పోగు చేశాడు, మన టార్చి ఆ చుక్కలో నుంచి వెలుగును బయటికి పంపుతుంది. తోవ ఒకటే, దిశ ఉల్టా. చుక్క కాస్త అటూ ఇటూ జరిగితే మధ్యలో నల్లటి మచ్చ పడుతుంది.

సెప్టెంబర్‌లోనే

1955లో మాచ్‌కుండ్ నీళ్ళ కరెంటు మన వైపు వచ్చినప్పుడు లాల్టేన్ల జమానా అయిపోయిందనుకున్నారు పెద్దవాళ్ళు. అరవై ఏళ్ళ తర్వాత హుద్‌హుద్ వచ్చి అటక మీది లాల్టేన్లను మళ్ళీ దింపించింది. తీగల మీద వచ్చే వెలుగు సర్కారుది. చేతిలో ఉండేదే మనది. దాన్ని తయారుగా ఉంచుకోవడం మన జిమ్మేదారీ.

తిత్లీ, హుద్‌హుద్ రెండూ అక్టోబర్‌లో వచ్చాయి, గులాబ్ సెప్టెంబర్ ఆఖర్లో. అంటే ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లోనే టార్చి విప్పి చూడాలి. వాడని టార్చిలో మామూలు సెల్లులు ఉంచొద్దు, తీసి పక్కన పెట్టండి. లిథియం సెల్లు అయితే నింపి ఉంచండి. ఇంట్లో బూఢీ వాళ్ళుంటే, మందులు వేసుకునేవాళ్ళుంటే, వాళ్ళ చేతికి టార్చి ఇచ్చి, లైట్లన్నీ ఆపి, ఒకసారి వెలిగించి చూపమనండి. స్విచ్ వేలికి అందుతుందా, సిరంజి గీతలు కనబడుతున్నాయా, తక్కువ వెలుగు చాలుతుందా అన్నవి చీకట్లోనే తెలుస్తాయి. మొహల్లాలో టాంకా వేయడం వచ్చిన కుర్రాళ్ళు ఇద్దరుంటే, ఒక ఆదివారం మస్జిద్ వరండాలో కూర్చుని పది పాత టార్చిలకు డ్రైవర్లు వేసేయొచ్చు. ఖర్చు పెద్దది కాదు. పేరుకు సవాబ్, పనికి వెలుగు.

వచ్చే తుఫానుకు ఏ దేశం ఏ పేరు పెట్టిందో అప్పటికే జాబితాలో రాసి ఉంటుంది. అది నాజూకు పేరైనా సరే, కరెంటు మొదటి గంటలోనే పోతుంది. ఆ రాత్రికి కొలిచి పోసేవాణ్ణి ఇప్పుడే ఎంచుకోండి.